తక్కినవి భాండారానా, భండారానా?

లైబ్రరీ అక్క: థీసిస్‌లు, పత్రాలు డిజిటల్‌గా భద్రపరిచే సాఫ్ట్‌వేర్ డీస్పేస్ ఉంది కదా, దాని తెరను తెలుగులోకి మారుస్తున్నాం. రిపాజిటరీకి, అంటే అవన్నీ దాచే చోటుకి, మాట వెతుకుతుంటే అన్నమయ్య 'దాచుకో నీ పాదాలకు'లోని చరణం పొద్దుట్నుంచీ నాలుక మీద ఆడుతోంది, 'ఒక్క సంకీర్తనే చాలు... తక్కినవి భాండారాన దాచి వుండనీ'. అక్కడ 'భాం'కు దీర్ఘం ఉందా? భాండారం చాలా, భాండాగారమే రాయాలా?

అరసున్న: దీర్ఘమే. భాండం, ఆగారం కలిస్తే సరుకుండే ఇల్లు. ప్రాకృతం నోట్లో పడి 'గా' పోగొట్టుకుని, మళ్లీ సంస్కృతం వేషం కట్టింది. మన బండారమూ ఆ ఇంటిదే. మెనూలో మాత్రం బండారం అని పెట్టకండి, నొక్కితే ఎవరిది బయటపడుతుందో!

బొక్కసం: నేను కచేరీల్లో భండారాన అనే విన్నాను. మా వైపు బండారి అంటే మల్లన్న పసుపు, అది వేరే కథ.

తాటాకు: అసలు గొడవ 'దాచి'లో ఉంది. కనపడకుండా పెట్టడమా, పదిలంగా ఉంచడమా? తిరుమలలో అన్నమయ్య పాటల రాగిరేకులున్న అరనూ సంకీర్తన భాండారమే అంటారు, అవి ఎన్ని తరాలు చీకట్లో ఉన్నాయో తెలుసుగా. డీస్పేస్ రెండు అర్థాల్లోనూ దాస్తుంది. మీరిచ్చిన పీడీఎఫ్ పేరు డిస్క్ మీద ఉండదు, 38 అంకెల సంఖ్య తగిలించి, మొదటి ఆరు అంకెల్ని రెండేసిగా విడగొట్టి 12 లో 34, అందులో 56 అన్నట్టు ఫోల్డర్లలో పడేస్తుంది. పేరు, రచయిత, ఏ సేకరణలోది, అన్నీ డేటాబేస్‌లో. అది పోయిందా, మిగిలేది అంకెల గుట్టే.

లైబ్రరీ అక్క: సర్వర్ మార్చిన రోజు ఆ ఫోల్డర్ తెరిచి చూశాను, కళ్లు తిరిగాయి. ఇంకోటి, ఐటమ్ అంటే ఫైలు కాదు కదా. ఒక థీసిస్‌కు అధ్యాయాల ఫైళ్లు ఒక బండిల్, వెతకడానికి లాగిన పాఠం ఇంకోటి, లైసెన్సు మరోటి. బండిల్‌కు 'కట్ట' అనుకున్నా.

తాటాకు: తాళపత్రాలకూ కట్టే కదా, బ్రహ్మాండం.

బొక్కసం: అయితే డిపాజిట్ బటన్‌కు 'దాచుకో' పెట్టేయండి.

అరసున్న: ఏకవచనమా! ప్రొఫెసర్లు వాడేది.

బొక్కసం: బటన్ మాట్లాడేది సర్వర్‌తో సార్, ప్రొఫెసర్‌తో కాదు. అన్నమయ్య స్వామినే నువ్వన్నాడు, సర్వర్‌కు మీరు అనాలా?

అరసున్న: సరే, దీర్ఘం సంగతి ఒప్పుకున్నట్టేనా?

బొక్కసం: రాగిరేకు ఫొటో పెట్టండి, అప్పుడు చూద్దాం.