ఇంధనంలో నీళ్లు చేరి ఇంజిన్ ఆగిపోతే తప్పు పైలట్‌దేనా?

గోదారిగాలి:
ఫ్లోరిడాలో శిక్షణ. రాత్రంతా వాన, మా చిన్న శిక్షణ విమానం సెస్నా 172 బయటే ఉంది. పొద్దున టేకాఫ్‌కి పరుగు అందుకోగానే ఇంజిన్ దగ్గి ఆగిపోయింది. రన్‌వే ఇంకా మిగిలి ఉండబట్టి బతికాం. తర్వాత చూస్తే రెక్క మీద ట్యాంకు మూత రబ్బరు ఎండి పగిలి ఉంది. స్కూలు మాత్రం 'విద్యార్థి డ్రెయిన్ సరిగ్గా చేయలేదు' (అంటే ఎగిరే ముందు ట్యాంకు అడుగు నుంచి కాస్త ఇంధనం కప్పులోకి తీసి నీళ్లున్నాయేమో చూడటం) అని రాసి చేతులు దులుపుకుంది. ఇది న్యాయమేనా?

చెక్‌లిస్ట్_శ్రీను:
న్యాయమే. ఇలాంటి పిస్టన్ ఇంజిన్ విమానాల్లో పోసే ఇంధనం అవ్‌గ్యాస్ 100ఎల్‌ఎల్ నీలంగా ఉంటుంది. నీళ్లు బరువు కాబట్టి కప్పు అడుగున తేటగా, విడిగా కనబడతాయి. 172లో ఎస్ మోడల్‌కి డ్రెయిన్ తీసే చోట్లు 13. తమ్ముడూ, 13 చోట్లా తీశావా లేదా? అదొక్కటి చెప్పు.

ఓరుగల్లు_రెక్కలు:
ప్రాణాలతో బయటపడ్డారు, అదే చాలు అన్నా.

గోదారిగాలి:
అన్నిచోట్లా తీశాను. అయినా డ్రెయిన్‌లో అన్నీ తెలిసిపోతాయా? 1999 చివర్లో ఆస్ట్రేలియాలో మొబిల్ కంపెనీ అవ్‌గ్యాస్‌లో ఇథిలీన్ డయామైన్ అనే రసాయనం కలిసింది. ఇత్తడి భాగాల మీద నల్లటి జిగురు పేరుకుంది. 2000 జనవరిలో వేల చిన్న విమానాలు ఎగరకుండా ఆపేశారు. దాన్ని కప్పులో చూసి ఏ పైలట్ పట్టుకోగలడు? 1978లో అమెరికా విన్యాసాల పైలట్ బాబ్ హూవర్ పిస్టన్ విమానంలో అవ్‌గ్యాస్ బదులు జెట్ ఇంధనం పోశారు, గాల్లోకి లేచాక ఇంజిన్లు రెండూ పోయాయి. ఆయన ఆ పోసిన కుర్రాణ్ణి బలి చేయలేదు. తర్వాత జెట్ ఇంధనం గొట్టం మూతినే వెడల్పు చేశారు, పిస్టన్ విమానం ట్యాంకులో పట్టకుండా.

చెక్‌లిస్ట్_శ్రీను:
హూవర్ సంగతి ఇక్కడెందుకు? నీ ట్యాంకులో ఉన్నది వాన నీళ్లు. అవి డ్రెయిన్‌లో వస్తాయి.

హ్యాంగర్_మూర్తి:
అన్నిసార్లూ రావు శ్రీను గారూ. పాత సెస్నా 182ల్లో రబ్బరు సంచి ట్యాంకులుంటాయి. ముడతల వెనక నిలిచిన నీళ్లు విమానం ముక్కు పైకెత్తాక కదులుతాయి. ఇంకోటి, కప్పు నిండా నీళ్లే వస్తే నీళ్లకీ ఇంధనానికీ మధ్య గీత కనబడదు, శుభ్రంగా ఉందనుకుంటారు. రంగు, వాసన రెండూ చూడాలి.

చెక్‌లిస్ట్_శ్రీను:
నేనడిగింది 172 గురించి. సాకులు వెతికేవాళ్లకి విమానం ఇవ్వకూడదు.

గోదారిగాలి:
సాకులా? మొదటి కప్పులో అడుగున బుడగల్లా కనబడ్డాయి. ఇంకో విమానం ఇమ్మన్నాను. 'టైమ్ పోతోంది, శుభ్రంగా వచ్చేదాకా తీసి పద' అన్నాడు ఇన్‌స్ట్రక్టర్. మా నాన్న పొలం తాకట్టు పెట్టి పంపారు. కాదని ఎదురు తిరిగే స్థితిలో ఉన్నానా నేను?

ఓరుగల్లు_రెక్కలు:
పక్కన ఇన్‌స్ట్రక్టర్ ఉంటే బాధ్యత ఆయనది కదా!

చెక్‌లిస్ట్_శ్రీను:
ఇది మొదటే చెప్పాల్సింది. నా స్నేహితుడు కూడా ఇలాగే మొహమాటపడి ఎక్కాడు, నడుము విరిగి ఇంటికొచ్చాడు. అందుకే ఇంత గట్టిగా అడుగుతున్నా. బుడగలు కనబడ్డాక కాదనాలి, ఎవరున్నా సరే.

గోదారిగాలి:
ఆ మాట విద్యార్థికి చెప్పడం తేలిక. వీసాకి కావాల్సిన ఐ-20 పత్రం ఇచ్చేది స్కూలే, అంటే మన వీసా దాని చేతిలో ఉంటుంది. మీరెప్పుడైనా కాదన్నారా?

చెక్‌లిస్ట్_శ్రీను:
అన్నాను. చాలా రోజులు షెడ్యూల్‌లో నా పేరు పెట్టలేదు.

గోదారిగాలి:
అదే నేను చెప్పేది. కాదన్నందుకు పేరు తీసేసే స్కూలుది తప్పు కాదంటారా?