కీళ్లవాతం ఉన్న పిల్లని రోజూ బడికి పంపాల్సిందేనా?

నెల్లూరు అమ్మ:
మా పాపకి 14 ఏళ్లు, తొమ్మిదో తరగతి. జువెనైల్ ఆర్థరైటిస్ అని రెండేళ్ల కిందట తేలింది. దానికి వారానికోసారి మెథోట్రెక్సేట్ అనే మందు వేసుకుంటుంది. పొద్దున్నే వేళ్లు ముడుచుకోవు, వేడినీళ్ల బకెట్లో చేతులు పెట్టుకుని కూర్చుంటుంది. తొమ్మిదిన్నర దాటితే గానీ పెన్ను పట్టలేదు. మొన్న వరసగా నాలుగు రోజులు టిఫిన్ బాక్సు నిండుగా తిరిగొచ్చింది. ఆకలి లేదంది. తీరా చూస్తే మూత ఊడదీయలేకపోతోంది, పక్కపిల్లని అడగడం నామోషీ! ఓపెన్ స్కూల్లో పది కట్టిద్దామని మా వారు, బడి మాన్పించొద్దని నేను. మీరేమంటారు?

చిత్తూరు నాన్న:
మీ వారి మాటే నా మాట. మా వాడికి మైగ్రేన్. ఎండలో ప్రేయర్‌కి నిలబెడితే మధ్యాహ్నానికి వాంతులు. ఓపెన్ స్కూల్లో పాసైనా ఇంటర్‌లో చేరొచ్చు. బిడ్డ ఏడుస్తుంటే బడికి తరమడం దేనికండీ?

ఫిజియో అన్నయ్య:
నేను ఒప్పుకోను. కదలకపోతే కండ తగ్గుతుంది, కీలు ఇంకా బిగుస్తుంది. వాపు ఎక్కువున్న రోజు సెలవు పెట్టించండి, అది వేరే సంగతి. పిల్లల దీర్ఘకాలిక నొప్పి మీద ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ఇచ్చిన మార్గదర్శకాల్లో మందులతో పాటు వ్యాయామం, మానసిక చికిత్స కూడా ఉన్నాయి. అన్నట్టు, సదరం సర్టిఫికెట్‌లో (వైకల్యం ఎంత శాతమో చెప్పే ప్రభుత్వ పత్రం) 40 శాతం, ఆపైన ఉంటే రాత పరీక్షలో గంటకి కనీసం 20 నిమిషాలు అదనంగా ఇవ్వాలని కేంద్రం 2018 నిబంధనల్లో ఉండేది. ఇప్పుడెలా ఉందో కనుక్కోండి.

పందొమ్మిదేళ్ల పిల్ల:
ఆంటీ, నాకూ ఇదే జబ్బు. ఎనిమిదిలో ఉండగా పీఈటీ సార్ అందరి ముందూ "నిన్న ఖోఖో ఆడావు, ఇవాళ మెట్లెక్కలేవా?" అన్నారు. ఆ తర్వాత ఒళ్లు బాగున్న రోజు కూడా ఆడలేదు. ఆడితే మర్నాడు ఎవరూ నమ్మరని. కావాలని కుంటిన రోజులూ ఉన్నాయి. తొమ్మిదిలో ఎనిమిది నెలలు ఇంట్లోనే ఉన్నా. వచ్చిన చుట్టాలంతా "పాపం" అనేవాళ్లు. బడిలో దొంగని, ఇంట్లో పాపాన్ని. ఏది నయమంటారు?

చిత్తూరు నాన్న:
నీ మాట కాదనలేనమ్మా. కానీ ఆ సార్‌ని మార్చేదెవరు? మా వాడి బడిలో డాక్టరు చీటీ ఇచ్చినా ప్రతి నెలా కొత్తది తెమ్మంటారు.

నెల్లూరు అమ్మ:
మేమిద్దరం వాదించుకోవడమే గానీ పాపని అడగలేదని నిన్న గుర్తొచ్చింది. క్లిప్పు మూత బాక్సు కొనిమ్మంది. రెండో పీరియడ్ నుంచి వెళ్తానంది. క్లాస్ టీచర్ గారు సరే అన్నారు. సదరం మాటెత్తితే మాత్రం "ఆ ముద్ర నాకొద్దు" అని తలుపేసుకుంది. మా వారు ఇంకా ఓపెన్ స్కూలే అంటున్నారు.