అందరికీ వచ్చు, నాకే రాదనిపిస్తోంది. ఎలా బయటపడాలి?

మెడిసిన్ పూర్తయి ఇంటర్న్‌షిప్‌లో ఉన్నాను. మార్కులు బాగానే వచ్చాయి, సీనియర్లు కూడా మెచ్చుకుంటారు. అయినా వార్డులో ఎవరైనా "డాక్టర్ గారూ" అంటే నన్ను కాదేమో అనిపిస్తుంది. రౌండ్స్‌లో పొటాషియం బాగా పెరిగితే ఈసీజీలో ఏం కనిపిస్తుందని అడిగారనుకోండి, టీ వేవ్ ఎత్తుగా, మొనదేలి ఉంటుందని తెలుసు. నోటిదాకా వస్తుంది, కానీ పక్కవాళ్లు చెప్పేదాకా ఆగిపోతాను. ఎప్పుడైనా ధైర్యం చేసి చెప్తే, అది కరెక్టయినా గాలివాటంగా తగిలిందిలే అనుకుంటాను.

దీన్ని 1978లో పౌలిన్ క్లాన్స్, సుజాన్ ఐమ్స్ అనే సైకాలజిస్టులు ఇంపోస్టర్ ఫినామినన్ (అర్హత ఉన్నా మనం నకిలీ అనిపించడం) అన్నారని చదివాను. ఇదేమీ డీఎస్ఎమ్‌లో (మానసిక రుగ్మతల నిర్ధారణకు డాక్టర్లు వాడే పుస్తకం) ఉన్న జబ్బు కాదు. క్లాన్స్ తయారుచేసిన 20 ప్రశ్నల స్కేల్ నింపితే స్కోరు ఎక్కువే వచ్చింది. పేరు తెలిసింది సరే, టెన్షన్ తగ్గలేదు.

"కాన్ఫిడెంట్‌గా ఉండు" అనే సలహా మాత్రం దయచేసి వద్దు, అది ఇప్పటికే బోలెడంత మంది ఇచ్చేశారు. పైగా ఈ వృత్తిలో కొంత సందేహం ఉండాల్సిందే అంటాను, మందు డోసు రెండోసారి చూసుకునేది దానివల్లే కదా. నాకు తేలనిది ఒక్కటే: సీనియర్‌ను పిలవాల్సినంత నిజమైన సందేహం ఏది, ఊరికే మనసు పెట్టే భయం ఏది? మీరెలా వేరు చేసుకుంటారు? డాక్టర్లు, నర్సులు, ఫిజియోథెరపిస్టులు ఎవరైనా చెప్పండి. సీనియర్ల దగ్గర ఈ మాట ఎత్తినవాళ్లుంటే, ఎలా మొదలుపెట్టారు? కౌన్సెలింగ్‌కు వెళ్లినవాళ్లకు ఏమైనా తేడా తెలిసిందా?