"అవ్వా కావాలె, బువ్వా కావాలె": ఇందులో అవ్వ ఎవరు?

నకిరేకల్ నుంచి ప్రశ్న:
ఒక పెద్దామె కాలం చేసి ఏడాది కావస్తోంది. కొడుకులు, బిడ్డలు, మనుమలు కలిసి సమాధి దగ్గర రాయి పెట్టిస్తున్నారు. "అవ్వా కావాలె, బువ్వా కావాలె అన్న మాకు రెండూ తానే అయిన అవ్వకు" అని వాక్యం అనుకున్నారు. రెండు సందేహాలు. ఈ సామెతలో అవ్వ అంటే తల్లా, నాయినమ్మా? సామెతను ఇట్ల మెచ్చుకోలుగా వాడొచ్చా?

దేవరకొండ నుంచి:
అవ్వ అర్థం దాని పక్కన నిలబడే జత మాటను బట్టి తెలుస్తుంది. "అవ్వ అయ్య", "అవ్వ నాయిన" అన్నప్పుడు తల్లి. "అవ్వాతాతలు" అన్నప్పుడు నాయినమ్మ, అమ్మమ్మ. మన నల్లగొండ పల్లెల్లో మొదటి జత ఎక్కువ. "అవ్వగారిల్లు" అంటే పుట్టిల్లు, అవ్వతోడు అంటే తల్లిమీద ఒట్టు. వీటిల్లో ఎక్కడా ముసలితనం లేదు. అందుకే ఇక్కడి నోట సామెత పుట్టినా, ఇక్కడి నోట నానినా, అవ్వ తల్లే.

మఖ్తల్ నుంచి:
దేవరకొండ సార్ చెప్పింది సరైనదే. కన్నడంలోనూ అవ్వ తల్లి, అజ్జి నాయినమ్మ. పాలమూరుకు ఆ మాటతో రోజువారీ పరిచయం ఉంది. గద్వాల, అలంపూర్ తాలూకాలు 1956 వరకు రాయచూరు జిల్లావి, కొడంగల్ గుల్బర్గా జిల్లాది. తమిళంలో అవ్వై అంటే తల్లి అనీ ఉంది, ముసలామె అనీ ఉంది. ఒకే మాట వయసు పెరిగినకొద్దీ ఒక మెట్టు పైకి జరిగింది. తల్లిని అవ్వ అని పిలిచిన పిల్లలకు పిల్లలు పుడితే, వాళ్లూ విన్న మాటే అంటారు. అట్లా ఆమె ఇద్దరికీ అవ్వే.

అలంపూర్ నుంచి:
మా దిక్కు తుంగభద్ర దాటితే కర్నూలు. అక్కడ అవ్వ అంటే నాయినమ్మే, అమ్మమ్మే. తల్లి పొలానికి పోతే పిల్లను పట్టేది ముసలామె కదా. సామెతలో అవ్వ ఆమె ఎందుకు కాకూడదు?

కల్వకుర్తి నుంచి:
అక్కా, అదే సామెతకు కీలకం. కాకూడదని చెప్పేది బువ్వ. "రెండూ కావాలె అంటే ఎట్ల?" అని నిలదీయడంలోనే, ఒకటి ఉంటే రెండోది ఉండదన్న లెక్క ఉంది. నాయినమ్మ ఒళ్లో కూర్చున్నంత మాత్రాన బువ్వ ఆగదు. తల్లి ఒళ్లోంచి దిగకపోతేనే ఆగుతుంది, ఎందుకంటే బువ్వ చేసేది ఆమె చేతులు.

ఆ పని ఎంతో వరుసగా చూడండి. ముందు వడ్లు ఎండబోయాలి. ఎండ చాలకపోతే రోకటి కింద గింజ నలుగుతది గాని పొట్టు విడవదు. మరీ ఎండితే గింజ లోపలే పగిలి నూక ఎక్కువైతది. ఎండిన వడ్లు రోట్లె పోసి, గింజ ఎగిరిపోకుండ రోటి మీద కుందెన పెట్టి, పొన్ను తొడిగిన రోకలితో దంచాలి. చాటతో చెరిగితే ఊక పోతది. తవుడు కొరకు మళ్లా దంచి మళ్లా చెరగాలి. చివరికి నూకలు వేరుచేయాలి. 10 కిలోల వడ్లకు ఆరున్నర, మహా అయితే ఏడు కిలోల బియ్యం. అవి పొయ్యి మీదికి పోతే ఎసరు కాగాలి, గంజి వంచాలి.

జొన్నయితే ఇంకో తీరు. పొడి జొన్నలు దంచితే పొట్టు గింజను పట్టుకొనే ఉంటది, గింజ చిట్లుతది. కాబట్టి నీళ్లు చిలకరించి కొద్దిసేపు నాననిచ్చి దంచాలి, చెరిగి ఆరబెట్టాలి, తర్వాత ఇసుర్రాయిలో పోసి రవ్వ ఇసరాలి. జల్లెడ పట్టి దొడ్డు రవ్వ, మెత్తటి పిండి విడివిడిగా పెట్టాలి. ఒక గిన్నె రవ్వకు మూడు, నాలుగు గిన్నెల నీళ్లు. కాగిన ఎసట్ల ముందు దొడ్డు రవ్వ, అది సగం ఉడికినంక పిండి, తెడ్డుతో ఆపకుండ కలపాలి. పిండి ముందు పోసినా, ఒకేసారి కుమ్మరించినా ఉండలు కడతది. చేయి ఆగితే అడుగంటుతది. సంకలో పిల్లను పెట్టుకొని చేసే పని కాదిది.

ఇంట్లో ధాన్యమే లేకుంటే ముందు నాటుకో కలుపుకో పోవాలి. చెట్టుకు తొట్టెల కట్టి పిల్లను పండబెట్టేది అందుకే. బురద మళ్లె ఒంగిన మనిషి సంకలో పిల్ల నిలవదు.

మిర్యాలగూడ నుంచి:
బువ్వ గురించి ఒక మాట. చాలామంది దీన్ని పసిపిల్లల మాట అనుకుంటారు. ఇక్కడ పెద్దలు పెద్దల్నే "బువ్వ తిన్నవా?" అని అడుగుతారు. పెళ్లిలో అందరూ కలిసి కూర్చొని తినే బువ్వపు బంతి ఉంది. 1967లో సాగర్ కాలువలకు నీళ్లు వదిలినంక మా వైపు వరి పెరిగింది. మెట్ట పొలాల ఊర్లలో అంతకుముందు పొద్దూమాపూ ఉడికించిన జొన్న రవ్వ గటుకే, వరి బువ్వ పండుగకో చుట్టానికో. సామెతలో పిల్ల అడిగేది ఏది దొరికితే అది కాదు, బువ్వ. ఆ ఆశను మరిచిపోవద్దు.

దేవరకొండ నుంచి:
వ్యాకరణం సంగతి కూడా చెప్తాను. "అవ్వా", "బువ్వా"లో చివరి దీర్ఘం పిలుపు కాదు, సముచ్చయం. అవ్వ కూడా, బువ్వ కూడా అని అర్థం. దీర్ఘం రెండు చోట్లా ఉండాలి, ఒకటి పోతే వాక్యం కుంటుతది. నోట్లె "గావాలె" అని వినిపిస్తది, ప్రథమా విభక్తి మాట తర్వాత వచ్చే క, చ, ట, త, ప అనే పరుషాలు గ, స, డ, ద, వ అయ్యే పద్ధతే. రాతలో "కావాలె" అన్నా తప్పులేదు. "అవ్వా కావాలె" తర్వాత కామా పెట్టండి.

ఇక మెచ్చుకోలు మాట. సామెత మందలింపు, అది పిల్ల పేరాశను అంటుంది. "రెండూ తానే అయింది" అని రాస్తే ఆమె సాధించింది సామెతను ఓడించడమే అవుతుంది. అర్థం చెడదు. కానీ చదివే మనుమలకు సామెత తెలియకపోతే వాక్యం గాలిలో వేలాడుతది. సామెత తీసేసి పనే రాయండి.

నకిరేకల్ నుంచి:
పని అంటే ఎట్ల?

కల్వకుర్తి నుంచి:
ఆమె ఏం చేసిందో క్రియలతో. "దంచింది, ఇసిరింది, నాటేసింది, బిడ్డల్ని సాదింది, మనుమల్ని పండబెట్టింది." సాదింది అన్న మాట వదలకండి. సాదుడు అంటే కనడం ఒక్కటే కాదు, తిండి పెట్టి పెద్ద చేయడం. అది అత్తకు, అమ్మమ్మకు, పెంచినామెకు అందరికీ చెల్లుతది. పేరు కింద "కొడుకులకు, బిడ్డలకు అవ్వ, మనుమలకు నాయినమ్మ, అమ్మమ్మ" అని చుట్టరికాలు విడిగా రాస్తే మొదటి సందేహమూ తీరుతుంది. ఒక్క "అవ్వ" అని వదిలేస్తే హైదరాబాదులో పెరిగిన మనుమలు దాన్ని నాయినమ్మ అనే చదువుతారు, కొడుకుల మాట పోతుంది.

సూర్యాపేట నుంచి:
రాయి చెక్కించే ముందు ఒక జాగ్రత్త. తెలుగులో "వ"కు, "మ"కు తేడా చివరి కొమ్ము వంపులోనే. చెక్కేవాళ్లకు "అమ్మ" చేయి అలవాటు, "అవ్వ" కొత్త. అందుకే ఉలి పడకముందే కాగితం మీద పూర్తి కొలతతో నమూనా తీయించి, రాతిమీద పెట్టి, దూరం నుంచి చదవండి. ఒత్తు "వ" చిన్నగా, కిందికి దిగి, లోపలి ఖాళీ తెరిచి ఉండాలి. ఆ ఖాళీ పూడితే "అవ్వ" నల్లటి మరకలా కనిపిస్తది. ఫోన్లో టైపు చేసిన మాటను అను ఫాంట్లు (యూనికోడ్ కాని పాత తెలుగు అక్షరాలు) ఉన్న కంప్యూటర్‌కు పంపితే ఒత్తులు చెల్లాచెదురయ్యే ప్రమాదం ఉంది. అక్కడ మళ్లా అక్షరం అక్షరం సరిచూసి సంతకం పెట్టండి.