సీ3, సీ4 నార్మల్, సీహెచ్50 మాత్రం సున్నా: లోపమా, శాంపిల్ తప్పా?

ఇమ్యునో_పీజీ:
14 ఏళ్ల అబ్బాయి. మెనింగోకాకల్ మెనింజైటిస్ (మెదడు పొరల ఇన్ఫెక్షన్) ఇది రెండోసారి. కాంప్లిమెంట్ (క్రిముల్ని చంపే రక్త ప్రోటీన్ల గొలుసు)లో సీ3 112, సీ4 24 (మి.గ్రా./డె.లీ.). ఆ గొలుసు మొత్తం పనిచేస్తుందో లేదో చూసే సీహెచ్50 సున్నా. సీ3 అంత ఉండగా సున్నా ఎలా వస్తుంది? కాంప్లిమెంట్ లోపం అని రాసేయొచ్చా?

సీరం_డబ్బా:
అప్పుడే రాయకండి. సీ3, సీ4 పరీక్షలు ప్రోటీన్ ఎంత ఉందో చెబుతాయి, పనిచేస్తుందో లేదో చెప్పవు. విరిగిపోయిన సీ3 ముక్కల్ని కూడా నెఫెలోమీటర్ (ప్రోటీన్ కొలిచే యంత్రం) సీ3 కిందే లెక్కేస్తుంది. సీహెచ్50లో యాంటీబాడీ పట్టించిన గొర్రె ఎర్రకణాల్ని సీరం పగలగొట్టాలి. పగిలితే పై ద్రవం ఎర్రబడుతుంది. లేకపోతే కణాలు అడుగున గుండీలా కూర్చుని, పైన తేటగా ఉంటుంది.

ముందు ట్యూబు ఏదో అడగండి. ఊదా మూతదైతే కథ అక్కడే అయిపోయింది: ఈడీటీఏ కాల్షియాన్ని, మెగ్నీషియాన్ని పట్టేస్తుంది. కాల్షియం లేకపోతే గొలుసులో మొదటిదైన సీ1 విడిపోతుంది, మెగ్నీషియం లేకపోతే సీ3ని కోసే ఎంజైమ్ (సీ3 కన్వర్టేజ్) కట్టుకోదు. ఎర్ర మూత ట్యూబులో తీసి, గడ్డకట్టగానే సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి, సీరం వేరుచేసి వెంటనే మైనస్ 70లో పెట్టాలి. పంపేది డ్రై ఐస్‌లోనే. 56 డిగ్రీల దగ్గర 30 నిమిషాలు వేడిచేసిన సీరం అసలు పనికిరాదు.

కన్వర్టేజ్:
శాంపిల్ మాట నిజమే, కానీ నైసీరియా (మెనింగోకాకస్ క్రిమి జాతి) రెండుసార్లు వచ్చిందంటే తేలిగ్గా తీసుకోకూడదు. దాని పొరకు చిల్లు పెట్టేది సీ5బీ నుంచి సీ9 దాకా కలిసి కట్టే గొట్టమే. ఏహెచ్50 (సీ1, సీ2, సీ4 అక్కర్లేకుండా మొదలై, సీ3 దగ్గర కలిసే ఇంకో మార్గాన్ని చూసే పరీక్ష) కూడా చేయించండి. అదీ సున్నా అయితే, సీ3 బాగానే ఉంది కాబట్టి, సీ5 నుంచి సీ8 లోపు వెతకాలి. ఏహెచ్50 బాగుంటే సీ1 లేదా సీ2. సీ9 లోపంలో సీహెచ్50 బాగా తగ్గుతుందే కానీ మామూలుగా సున్నా కాదు. ఎక్యులిజుమాబ్ (సీ5ను ఆపే మందు) వాడేవాళ్లలోనూ సున్నా వస్తుంది, మందుల చీటీ చూడండి.

ఇమ్యునో_పీజీ:
ఆ మందు లేదు. ట్యూబు ఎర్ర మూతదే, కానీ సీరం సాయంత్రం దాకా బల్ల మీదే ఉండిపోయిందట.

సీరం_డబ్బా:
బయట ఉంచితే కాంప్లిమెంట్ పాడవుతుంది, కాబట్టి ఆ సున్నాను లెక్కలోకి తీసుకోవద్దు. జ్వరం తగ్గి కోలుకున్నాక మళ్లీ తీయండి, ఇన్ఫెక్షన్‌లో కాంప్లిమెంట్ ఖర్చవుతుంది. అదే పెట్టెలో ఆరోగ్యంగా ఉన్న మరొకరి సీరం కూడా పంపండి. అదీ పడిపోతే శాంపిల్ పంపే దారిలోనే తప్పు జరిగినట్టు.

కన్వర్టేజ్:
రెండోసారీ సున్నానే వస్తే మెనింగోకాకల్ టీకాలు ఆలస్యం చేయొద్దు: ఏసీడబ్ల్యూవై (నాలుగు రకాలకు కలిపి ఒకటి), బీ రెండూ. ఇది వంశపారంపర్యంగా వచ్చే లోపం, తోబుట్టువుల సీహెచ్50 కూడా చూడండి.