మా ముత్తాత కాలువల ఇంజనీరు: ఆయన గురించి ఎక్కడ వెతకాలి?

మునిమనవరాలు:
అందరికీ నమస్కారం. మా అమ్మ వాళ్ళ తాతగారు గోదావరి కాలువల మీద ఇంజనీరుగా చేసేవారట. భీమవరం దగ్గర కాపురం. రాజమండ్రి దగ్గర గోదావరి మీది పాత రైలు వంతెన, హేవలాక్ బ్రిడ్జి కట్టింది కూడా ఆయనేనని ఇంట్లో అంటారు. నా చేతిలో ఉన్నది కోటూ తలపాగాతో ఒక ఫోటో, ఇంటిపేరు, గోత్రం. ఎక్కడ మొదలుపెట్టమంటారు?

ధవళేశ్వరం గట్టు:
బ్రిడ్జి సంగతి ముందు పక్కన పెట్టండమ్మా. అది రైల్వే పని, 1897లో మొదలై 1900లో పూర్తయింది. ఆనకట్ట, లాకులు, కాలువలు పీడబ్ల్యూడీవి, అంటే ప్రజాపనుల శాఖవి. రెండిటి రికార్డులూ వేరు. మన వైపు టేపు పట్టుకున్న ప్రతి తాతా హేవలాక్ బ్రిడ్జి కట్టినవాడే, ఏమనుకోకండి :) ఇంకోటి, ఊళ్ళో ఓవర్సీరును, అంటే ఇంజనీరు కింద పనులు చూసే ఉద్యోగిని కూడా ఇంజనీరుగారనే అనేవారు. హోదా ఏమిటో తేలితే సగం పని అయినట్టే.

పాత కాగితాలు:
హోదా తేలాలంటే ఫోర్ట్ సెయింట్ జార్జ్ గెజిట్, అంటే అప్పటి మద్రాసు ప్రభుత్వ గెజిట్ చూడాలి. నియామకాలు, బదిలీలు, సెలవులు అందులో వేసేవారు. కింది ఉద్యోగులు అంతగా కనిపించరు. పీడబ్ల్యూడీ జీవోలు చెన్నై ఎగ్మూరు ఆర్కైవ్స్‌లో ఉంటాయి. పేరు ముందు ఎం.ఆర్.ఆర్.వై. అని కనిపిస్తే ఇంటిపేరు పొడి అక్షరాలు అనుకునేరు, అది మహారాజరాజశ్రీ, మన శ్రీ లాంటి గౌరవ పదం! ఇంటిపేరు ఇంగ్లీషు స్పెల్లింగు కూడా నాలుగైదు రకాలుగా వెతకండి. చదువు మద్రాసు ఇంజనీరింగ్ కాలేజీలో అయితే, అది గిండీకి మారింది 1920లో. అంతకుముందు చేపాక్‌లో ఉండేది.

నరసాపురం లాకు:
భీమవరం అన్నారు కాబట్టి చెబుతున్నా. ఇక్కడే చాలామంది బోల్తా పడతారు. 1904లో తణుకు, భీమవరం, నరసాపురం తాలూకాలను గోదావరి జిల్లా నుంచి తీసి కృష్ణాలో కలిపారు. పశ్చిమ గోదావరి ఏర్పడింది 1925లో. కాబట్టి ఆ మధ్య కాలానికి కృష్ణా జిల్లా పేరుతో అడగాలి.

గెజిట్ కంటే ముందు సబ్ రిజిస్ట్రార్ ఆఫీసుకు వెళ్ళమంటాను నేనైతే. ఇండెక్స్ 1 మనుషుల పేర్లతో, ఇండెక్స్ 2 ఆస్తి వివరాలతో ఉంటుంది. పొలమో ఇంటి స్థలమో కొనని ఉద్యోగస్తుడు ఆ రోజుల్లో అరుదు. దస్తావేజులో తండ్రి పేరు, ఊరు, వృత్తి రాస్తారు. సాక్షి సంతకాలు కూడా చదవండి, బావమరుదులు, వియ్యంకులు అక్కడే దొరుకుతారు. నకలు కోసం తిప్పుతారు, టెన్షన్ పడకండి.

మునిమనవరాలు:
ఆఫీసుదాకా వెళ్ళక్కర్లేకపోయింది! మా అమ్మమ్మ చెల్లెలుగారి ట్రంకుపెట్టెలో ఒక పాత దస్తావేజు ఉంది. అందులో ఆయన "దత్తపుత్రుడు, పి.డబ్ల్యు.డి. ఓవర్సీరు" అని ఉంది. దత్తత సంగతి మా అమ్మకు కూడా తెలియదు.

ధవళేశ్వరం గట్టు:
ఓవర్సీరు... చెప్పానా! అయినా తక్కువేం కాదు. నీళ్ళు వంతుల ప్రకారం చివరి చేనుదాకా అందేలా చూసేది వాళ్ళే.

పాత కాగితాలు:
దత్తత అంటే మీ దగ్గరున్న ఇంటిపేరు, గోత్రం పెంచినవారివి. చదువు, మొదటి ఉద్యోగం దత్తతకు ముందే అయితే ఆ కాగితాలు పాత ఇంటిపేరుతో ఉంటాయి. కన్నవారి ఊరు రాశారా?

మునిమనవరాలు:
రాశారండీ. ముమ్మిడివరం దగ్గర.

నరసాపురం లాకు:
అయితే కోనసీమ, అమలాపురం తాలూకా. అది 1904లో కదల్లేదు, గోదావరి జిల్లాలోనే ఉండిపోయింది. కన్నవారి వైపు అక్కడా, ఉద్యోగం వైపు కృష్ణాలోనూ చూడండి. దస్తావేజులో సాక్షులు ఎవరో కూడా ఇక్కడ రాయండి, మా వైపు ఇంటిపేర్లయితే గుర్తుపడతాను.