స్లాబ్‌లోని (గ్రేడు వేసి సీలు చేసిన ప్లాస్టిక్ డబ్బాలోని) రాగి నాణెం రంగు మారితే గ్యారంటీ వర్తిస్తుందా?

ప్రశ్న: 1909 లింకన్ సెంట్ (అమెరికా రాగి నాణెం), గ్రేడు ఎంఎస్65 ఆర్‌డీ (వాడని నాణెం, 70కి 65; ఆర్‌డీ అంటే రెడ్, ఎరుపు), పీసీజీఎస్ (నాణేలకి గ్రేడు వేసే అమెరికా సంస్థ) స్లాబ్. లింకన్ చెంప మీద గోధుమ మచ్చ పాకుతోంది. పరిహారం అడగొచ్చా అండీ?

జవాబు 1: కష్టమే. 2010 నుంచి రాగి రంగు మార్పుని పీసీజీఎస్ వాళ్లు గ్యారంటీలోంచి తీసేశారు. ఆర్‌డీకి అసలు ఎరుపు దాదాపు 95 శాతం నిలవాలి. తగ్గితే ఆర్‌బీ (ఎరుపు-గోధుమ), ధర ఢమాల్. కొనేటప్పుడు లేబుల్ కాదు, నాణెం చూడాలి.

జవాబు 2: స్లాబ్‌లోకీ గాలి వెళ్తుంది. తేమ, గంధకం చాలు రాగి నల్లబడ్డానికి. చెక్క బీరువా, అట్టపెట్టె, రబ్బరు బ్యాండ్లు వద్దు. బిగుతు మూత డబ్బాలో సిలికా జెల్ వేసి తేమ 40 శాతం లోపు ఉంచండి. నీలం గింజలు గులాబీకి తిరగ్గానే మార్చేయండి.

జవాబు 3: స్లాబ్ పగలగొట్టి చింతపండుతో మాత్రం తోమకండి మహాప్రభో! తోమితే వచ్చే ఆ గులాబీ మెరుపు ఇట్టే దొరికిపోతుంది, మళ్లీ పంపితే అంకె గ్రేడే రాదు.